ఒంటరితనం: తప్పెవరిది? బాధ్యత ఎవరిది?

తిరుపతిలో జనానికి కొదవ లేదు. కొండకు వచ్చే యాత్రికులే సాధారణంగా రోజుకు 60 వేలకు పైగా ఉంటారు. 1954లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలు 2015లో వచ్చిన ఐఐటీ దాకా ఎన్నో విద్యాలయాలు, వాటి హాస్టళ్ల నిండా పిల్లలు. అయినా మనసు విప్పి మాట్లాడుకునేందుకు ఒక్క మనిషి కూడా లేనివారు ఇదే ఊళ్లో ఉన్నారు. చిత్తూరులోనూ అంతే. బిడ్డలు బెంగుళూరుకో, చెన్నైకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతే ఇంట్లో మిగిలిపోయిన అవ్వాతాతలు ఎందరో! ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక చెబుతోంది.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు. ఏకాంతం మనిషి తానుగా కోరుకునేది. దైవప్రవక్త ముహమ్మద్ (స) హిరా గుహలో గడిపింది ఏకాంతం. మనం కోరుకునే ఆత్మీయతకూ, మనకు దొరికే ఆత్మీయతకూ మధ్య ఉండే అంతరమే ఒంటరితనం. కనుకనే నలుగురి మధ్య ఉన్నవాడు కూడా ఒంటరి కావచ్చు.

మరి దీనికి మందేమిటి? "నలుగురిలో కలువు, అదే పోతుంది" అంటాం మనం. కాని వాస్తవం అంత తేలిక కాదు. ఒంటరితనాన్ని తగ్గించేందుకు జరిగిన ప్రయత్నాలన్నింటినీ చికాగోలోని పరిశోధకులు పోల్చి చూసి 2011లో ఫలితాలు ప్రకటించారు. మాట్లాడే నేర్పు బోధించడం, తోడు కల్పించడం, నలుగురిని కలిసే అవకాశాలు పెంచడం, తోటివారి గురించిన ఆలోచనలను సరిదిద్దడం - ఈ నాలుగింటిలో చివరిదే ఎక్కువ మేలు చేసిందని తేలింది. అలాంటి అధ్యయనాలు కొద్దిగానే ఉన్నా, వాటి ఫలితం గమనించదగినది.

ఆలోచననూ ప్రవర్తననూ కలిపి సరిదిద్దే ఈ పద్ధతినే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారు. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ దీనికి రూపమిచ్చాడు. అయితే ఈ ఆలోచన మూలాలు మనకు కొత్త కావు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ, ఆత్మకూ కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశారు. ఆకస్మికంగా వచ్చే జబ్బుకు ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనసు కుదుటగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసుకుని, దుఃఖం కమ్మినప్పుడు వాటిని వాడుకోవాలని అందులో ఆయన బోధించారు.

ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కొడుకు గల్ఫ్‌లో ఉన్న ఒక తల్లి వీధి గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కింటావిడ సలామ్ చెప్పకుండానే వెళ్లిపోయింది. "నన్ను చూసి కావాలనే ముఖం తిప్పుకుంది. నేనెవరికీ అక్కర్లేదు" అనుకుంది ఆ తల్లి. మర్నాటి నుంచి తలుపు మూసుకుంది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. కొన్నాళ్లకు "ఆవిడ ఎవరితోనూ కలవదు" అని వీధివారు కూడా పిలవడం మానేశారు. అనుమానం చివరకు నిజమై కూర్చుంది!

చికిత్స చేసేవారు "నీ ఆలోచన తప్పు" అని వాదించరు. ప్రశ్నిస్తారు: "మీరు కళ్లారా చూసిందేమిటి? ఊహించుకున్నదేమిటి? ఆమె వేరే చింతలో ఉండి ఉండవచ్చు కదా? ఇదే మాట మీ చెల్లెలు అంటే మీరేమని చెబుతారు?" ఆ తర్వాత చిన్న పరీక్ష పెడతారు. ఈ వారం మూడుసార్లు మీరే ముందుగా సలామ్ చెప్పండి, ఏం జరుగుతుందనుకుంటున్నారో ముందే రాసుకోండి, జరిగినదాన్ని తర్వాత రాయండి అంటారు. సాధారణంగా వారానికోసారి చొప్పున 6 నుంచి 20 సార్లు ఇలా కూర్చుంటారు.

ఇక్కడే ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. నిజంగానే ఎవరూ పలకరించని మనిషితో "నీ ఆలోచన మార్చుకో" అనడం న్యాయమేనా? ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టకుండా, ఆకలి గురించి ఆలోచించవద్దని చెప్పడం వంటిది కాదా?

ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. కాని ఆ తల్లి మాటల్లో రెండు విషయాలున్నాయి. "ఈ నెల నా ఇంటికి ఎవరూ రాలేదు" - ఇది వాస్తవం. "నేనెవరికీ అక్కర్లేదు" - ఇది తీర్పు. తీర్పును సరిదిద్దేందుకు చికిత్స ఉంది. వాస్తవాన్ని మార్చవలసింది మాత్రం మనమే. ఏ వైద్యుడూ మన బదులు ఆమె తలుపు తట్టలేడు. ఆమె ధైర్యం చేసి ముందుగా సలామ్ చెబితే, బదులు పలకవలసిన నోరు మనది. ఆ పరీక్షలో గెలుపోటములు ఆమె చేతిలో ఎంత ఉన్నాయో మన చేతిలోనూ అంతే ఉన్నాయి.

అలాగని ఊరికే వెళ్లి కూర్చుని రావడమే చాలని కూడా అనుకోరాదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో, కాన్పు ముందూ తర్వాతా కుంగుబాటుకు లోనైన తల్లులకు గ్రామ ఆరోగ్య కార్యకర్తల చేతనే ఈ చికిత్స ఇప్పించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత ఆ తల్లుల్లో 23 శాతం మందిలోనే కుంగుబాటు మిగిలింది. అన్నేసార్లు ఇళ్లకు వెళ్లినా చికిత్సలో శిక్షణ లేని కార్యకర్తలు చూసిన తల్లుల్లో అది 53 శాతం. కుంగుబాటు, ఒంటరితనం ఒకటి కావు. అయినా పలకరింపుతో పాటు పద్ధతి కూడా అవసరమని దీనివల్ల తెలుస్తోంది.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్ అతిగా అనుమానించడాన్ని వారిస్తోంది. ఇది తలుపు లోపలివారికీ, బయటివారికీ వర్తిస్తుంది. "కావాలనే పలకరించలేదు" అన్నది లోపలి అనుమానం. "ఆమెకు గర్వం ఎక్కువ" అన్నది బయటి అనుమానం. ఇక "నీ విశ్వాసం బలహీనం, అందుకే ఈ దిగులు" అని కొందరు అనేస్తారు. యూసుఫ్ (అ) ఎడబాటుతో యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడేంతగా దుఃఖించారు. ఆయన విశ్వాసం బలహీనమైనదని ఎవరనగలరు?

మస్జిద్ ఊడ్చే ఒక స్త్రీ కనబడకపోతే దైవప్రవక్త (స) ఆమెను గురించి వాకబు చేశారు. చనిపోయిందని తెలిసి, తనకెందుకు చెప్పలేదని సహచరులను అడిగి, ఆమె సమాధి వద్దకు వెళ్లి ప్రార్థించారు. అంతమందిలో ఒక పేదరాలు లేకపోవడాన్ని గమనించడమే ఇందులోని గొప్ప పాఠం.

ఆలోచించండి! మన వీధిలో ఈ నెల ఎవరు కనబడలేదు? వారి తలుపు తట్టుదాం. దిగులు వదలనివారిని తిరుపతి రుయా ఆసుపత్రి వంటి చోట మానసిక వైద్యుల వద్దకు వెంటబెట్టుకుని వెళదాం. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నంబరు చెప్పి ఊరుకోకుండా, వారు మాట్లాడుతున్నంత సేపూ పక్కన కూర్చుందాం. మరుసటి వారం మళ్లీ వెళదాం.