ఫలం ఎవరు వదులుకోవాలి?

దసరాకి మా లేత్ షెడ్డులో ఆయుధపూజ అయ్యాక ఒక ఆట ఆడతాం. ఇసుక పోసిన బకెట్లో ఇనుప కడ్డీ పాతి, పాత ట్యూబులు కోసి చేసిన రింగులు దానికి తగిలించాలి. ఎంత దూరంలో నిలబడాలన్నది ఎవరిష్టం వాళ్లది.

ఈ ఆట నేను కనిపెట్టింది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ పుస్తకాల్లో ఉంది. ఏదో సాధించాలన్న తపన ఉన్నవాడు కడ్డీ పక్కనే నిలబడి వెయ్యడట, గుమ్మం అవతలికీ పోడట. తగలొచ్చు, తప్పొచ్చు అనిపించే చోటు వెతుక్కుంటాడట. 1961లో పుస్తకం రాసి ఊరుకోకుండా, ఆ తపనని నేర్పగలమా అని పరీక్షించడానికి ఆయన ఎంచుకున్న ఊళ్లలో మా కాకినాడ ఒకటి. 1964లో ఇక్కడి వ్యాపారులను, చిన్న పరిశ్రమల వాళ్లను యాభైమందికి పైగా హైదరాబాదులో సియెట్ అనే సంస్థకు తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. బొమ్మ చూపించి కథ రాయించడం, తాము ఏం సాధించదలిచారో తామే కాగితం మీద పెట్టుకోవడం, ఇలాంటివన్నమాట.

కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ సంగతి మా మేనమామకి చెప్పాను. కార్తీకమాసం ప్రవచనం ఒక్కరోజు మానని మనిషి. "కోరిక తగ్గించుకోరా అని గీత చెబుతుంటే, పెంచుకోమని దొర నేర్పుతాడా?" అన్నాడు. నవ్వేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మామయ్య మాటకి అవతలి పక్క నిలబడినవాడు జర్మనీ పండితుడు మాక్స్ వెబర్. కర్మనీ కులాన్నీ నమ్మే చోట ఆధునిక పరిశ్రమ దానంతటది మొలవదని ఆయన వాదం. మన మతం, లాభం ఒక ఒరలో ఇమడవన్న దగ్గర ఇద్దరూ కలిశారు. కాకినాడలో తేలింది మాత్రం వేరు. శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే ఎక్కువసేపు పనిచేశారు, కొత్త వ్యాపారాలు పెట్టారు, కొత్తగా మనుషుల్ని పనిలో పెట్టుకున్నారు. అందులో ఎవరు ముందుకెళ్లారన్నది కులాన్ని బట్టి లేదు, పూజలూ ఆచారాలూ పాటించడాన్ని బట్టీ లేదు. బొట్టు పెట్టుకున్నవాడూ ప్యాంటు వేసుకున్నవాడూ ఒక్కటే. నాకైతే ఆ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

ఇక మా షెడ్డు సంగతి. మొదటి ఏడాది ఆటకి ఐదువందలు పందెం పెట్టాను. ఒక కుర్రాడు కడ్డీని ఆనుకుని నిలబడి పదికి పది వేసి నోటు జేబులో పెట్టుకున్నాడు. మా పెద్ద టర్నర్ ఆరడుగుల్లో మొదలుపెట్టి, తగిలినప్పుడల్లా ఒక అడుగు వెనక్కి జరిగాడు. చివరికి నాలుగే తగిలాయి. నేను కుర్రాణ్ణి ఎకసెక్కం చేస్తే ఆయన అడ్డొచ్చాడు: "ఆడిదేం తప్పండి? మీరు డబ్బెక్కడ పెట్టారో ఆడక్కడ నిలబడ్డాడు."

ఆ మాట నాకు అప్పుడే ఎక్కాల్సింది. ఎక్కలేదు. మరుసటి వేసవిలో ఒక రైస్ మిల్లుకి గన్‌మెటల్ బుష్‌లు అర్జెంటుగా కావాల్సొచ్చి, రోజుకి ఇన్ని దాటితే పీసుకి ఇంత అని బోర్డు రాశాను. లెక్క పెరిగింది. గేజ్ పెట్టి చూసే చెయ్యి తగ్గింది. మిల్లువాళ్లు సగానికి సగం తిప్పి పంపారు, షాఫ్టు మీద వదులుగా ఆడుతున్నాయని. తప్పు పనివాళ్లదని నెలరోజులు తిట్టుకున్నాను. బోర్డు రాసిన చెయ్యి మాత్రం నాదే.

1971లో ఎడ్వర్డ్ డెసీ అనే ఆయన ఇలాంటిదే విద్యార్థుల దగ్గర చూశాడు. ముక్కలు పేర్చే చిక్కు విప్పమని ఇచ్చి, కొందరికి విప్పినప్పుడల్లా డాలరు ఇచ్చాడు. డబ్బు ఆపేశాక వాళ్లను ఖాళీగా వదిలేస్తే, వాళ్లకి ఆ ముక్కల మీద ఆసక్తి మునుపటికన్నా తగ్గింది. డబ్బు ముట్టనివాళ్లకి అలా కాలేదు. ఇది చదివి "చూశారా, మన గీత ఎప్పుడో చెప్పింది" అని చంకలు గుద్దుకునే యజమానులను చాలామందిని చూశాను. జీతం పెంచమన్న రోజే వాళ్లకి నిష్కామకర్మ గుర్తొస్తుంది.

నాకు అక్కడే పేచీ. ఫలం మీద ఆశ వదలమన్న బోధ ఎవరికి చేశాడు కృష్ణుడు? రాజ్యంలో వాటా ఉన్న అర్జునుడికి. యుద్ధభూమిలో బంట్లను వరసగా నిలబెట్టి భత్యం అడగొద్దని చెప్పలేదు. పైగా చెప్పినవాడు ఆయుధం పట్టనని ఒప్పుకుని, గుర్రాల పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పి, చివరికి బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. ఏ మేనేజరు అంత మాట అనగలడు? తిండికీ పిల్లల ఫీజులకీ తడుముకోనక్కర్లేని మనిషికే చూపు పని మీద నిలుస్తుంది. మెక్లెలాండ్ చెప్పిన తపన కూడా డబ్బు యావ కాదు. అలాంటివాడికి డబ్బు ఎంత బాగా చేశాడో చూపించే కొలబద్ద. మా టర్నర్‌కి రింగు తగలడమే కొలబద్ద అయింది. మామయ్య బతికుంటే ఒప్పుకునేవాడో లేదో గానీ, ఆయన తగ్గించమన్న కోరిక, దొర పెంచమన్న కోరిక ఒకటి కావని నా నమ్మకం. ఫలాన్ని ముందు వదులుకోవాల్సింది కూలి ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు కాదు.

బోర్డు తీసేసి చాలాకాలమైంది. ఆ పీసు డబ్బుని లెక్కగట్టి నెలజీతంలో కలిపేశాను. గేజ్ చూసి ఏ బుష్ పక్కన పారెయ్యాలో టర్నరే తేలుస్తాడు, నన్ను అడగడు. పందెం లేకుండా ఆడిన దసరాకి ఆ కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పదింటిలో మూడు తగిలాయి. ఇంకోసారి వేస్తానండీ అని రింగులు ఏరుకోవడానికి వెళ్లాడు.