మైకు ముందు పంచశీలం



జయంతి సభల్లో, ధమ్మ సమావేశాల్లో మనవాళ్లు కొందరు ఓ మాట గొప్పగా చెప్పుకుంటారు. "నేనేం రాసుకోలేదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది మాట్లాడేశా." చప్పట్లు కూడా పడతాయి. మరి ఇది శీలానికి సంబంధించిన సంగతి కాదా? ముమ్మాటికీ అవుతుందని నా ఉద్దేశం.

కౌశాంబిలోని ఘోషితారామంలో ఉదాయి అనే భిక్షువు పెద్ద జనసమూహానికి ధమ్మం చెబుతుంటే, ఆనందుడు ఆ సంగతి తథాగతులకు తెలిపాడు. అంగుత్తర నికాయంలో ఉందిది. తథాగతులు పొగడలేదు, తప్పుపట్టలేదు. ఇతరులకు ధమ్మం చెప్పడం తేలిక కాదన్నారు. క్రమంలో చెప్పాలి, కారణం చూపి చెప్పాలి, కరుణతో చెప్పాలి, లాభం ఆశించకూడదు, తనను గానీ ఎదుటివారిని గానీ గాయపరచకూడదు. శాలువాల కోసం ఎదురుచూసేవాళ్లకు నాలుగోది చాలు. నేను పట్టుకున్నది మొదటి రెండింటినీ. క్రమం, కారణం వేదిక ఎక్కాక పుట్టవు. ఇంటి దగ్గర కూర్చుని కుదుర్చుకోవాల్సినవి.

బాబాసాహెబ్‌నే చూడండి. 1936లో లాహోరు జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు అధ్యక్షోపన్యాసానికి పిలిస్తే ముందే మొత్తం రాసి సిద్ధం చేశారు. కొన్ని భాగాలు తీసేయమన్నారు వాళ్లు. కామా కూడా మార్చనన్నారాయన. సభే రద్దయింది. సొంత ఖర్చుతో ప్రచురించారు. 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. అదే మనం చదువుకునే 'కుల నిర్మూలన'. ప్రతి వాక్యాన్నీ ముందే తూచుకున్న మనిషే కామా కోసం నిలబడగలడు.

ఇక మన సంగతి. ఫోన్లో ఎవరో పంపిన వాక్యం, పక్కన బాబాసాహెబ్ బొమ్మ. ఏ పుస్తకంలో ఉందో తెలీదు. "బాబాసాహెబ్ ఏమన్నారంటే..." అని మైకులో ఎత్తుకుంటాం. ముందు వరసలో కూర్చున్న అమ్మ చదువుకోలేదు. మన మీద నమ్మకంతో ఆ మాట ఇంటికి పట్టుకెళ్తుంది. రేపు పనిచేసే చోట ఎవడో "ఎక్కడ రాశాడమ్మా మీ అంబేడ్కరు?" అని నిలదీస్తే తలదించుకునేది ఆమె, మనం కాదు. తెలిసి ఆడితేనే అబద్ధం కదా, తెలీక అన్నానని తప్పించుకోవచ్చు. తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోతే దాన్నేమనాలి?

ఇవ్వనిది తీసుకోరాదన్న శీలమూ ఇక్కడుంది. కూలి మానుకుని వచ్చినవాళ్లు మనకిచ్చింది పదిహేను నిమిషాలు. గంట తీసుకుంటాం. వారం రోజులు కూర్చుని రాసుకొచ్చిన అమ్మాయికి చివర్లో రెండు నిమిషాలు మిగులుతాయి.

కాగితం చూసి చదివితే జనం నిద్రపోతారు, మాట గుండెల్లోంచి రావాలి అంటారు కొందరు. నిజమే. వెట్టి చేసిన తాత తన బతుకు చెప్పడానికి చీటీ అక్కర్లేదు, డెబ్బై ఏళ్లుగా సిద్ధమై వచ్చాడాయన. మనం చెప్పేది మన బతుకు కాదు, ఇంకొకరి మాట.

నా మటుకు నేను ఓ పాత డైరీలో బాబాసాహెబ్ మాట పక్కన పుస్తకం పేరూ పేజీ నంబరూ రాసుకుంటాను. పేజీ దొరకని మాట సభలో ఎత్తను. ఆ లెక్కన నాకు బాగా ఇష్టమైనవి మూడు నాలుగు ఇంకా డైరీలోనే ఉన్నాయి.