యొర్దాను ఆవలి సహోదరులు

సంఖ్యాకాండము 32వ అధ్యాయములో ఒక ఒప్పందమును గూర్చి చదువుదుము. రూబేనీయులకును గాదీయులకును విస్తారమైన మందలుండెను. యొర్దానుకు తూర్పున నున్న గిలాదు ప్రాంతము మేతకు తగినదని చూచి, దానిని తమకు స్వాస్థ్యముగా ఇప్పింపుమని వారు మోషేను వేడుకొనిరి. తోడివారు పోరాడుచుండగా వీరు మాత్రము సుఖముగా నుండుట న్యాయమా యని మోషే వారిని గద్దించెను. అప్పుడు వారు, తమ పిల్లలను మందలను అక్కడనే విడిచి, సహోదరులకు ముందుగా నదిని దాటుదుమనియు, అందరును తమ తమ భాగములు పొందువరకు ఇండ్లకు తిరిగి రామనియు మాట ఇచ్చిరి. ఆ షరతుమీదనే వారికి భూమి దొరకెను.

ముందుగా పొందినవాడు, ఇంకను పొందనివాని పక్షమున నిలువబడవలెనన్నది ఇందలి ధర్మము. ప్రభుత్వ ధనముతో వైద్యవిద్య నేర్చిన యువతీయువకులు పల్లెలకు ఋణపడియున్నారా యను ప్రశ్నకు ఈ ధర్మము వెలుగునిచ్చుచున్నది.

ప్రభుత్వ వైద్య కళాశాలలో విద్యార్థి చెల్లించు ఫీజు అతని చదువునకగు వ్యయములో కొద్దిభాగమే. తక్కినది ప్రజల సొమ్ము. సబ్బుబిళ్ల కొనిన కూలివాడు సైతము అందులో తన పాలు పన్ను రూపమున చెల్లించుచున్నాడు. ధనముకంటె పెద్ద చందా మరియొకటి గలదు. పెద్దాసుపత్రి వార్డులో పడుకొనిన పేదరోగి తన శరీరమునే విద్యార్థులకు పాఠముగా ఇచ్చుచున్నాడు. గుండె చప్పుడు వినుటయు, గాయము కుట్టుటయు వారు అతని యొద్దనే నేర్చుకొనిరి. ఈ ఋణము ఏ రసీదు పుస్తకములోను కనబడదు.

అందుచేతనే మన దేశములో అనేక రాష్ట్రములు వైద్య విద్యార్థులయొద్ద బాండు వ్రాయించుకొనుచున్నవి. చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము ప్రభుత్వసేవ చేయవలెను, లేనియెడల నిర్ణయించిన సొమ్ము కట్టవలెను. ఇట్టి బాండ్లు చెల్లునని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టపు ప్రశ్న ఆ విధముగా తీరినది గాని మనస్సాక్షి ప్రశ్న తీరలేదు. సొమ్ము కట్టినంత మాత్రమున ఋణము తీరునా? ఖజానాకు చేరిన రూపాయలు అర్ధరాత్రి ప్రసవవేదన పడు తల్లి నాడి పట్టి చూడవు. రూబేనీయులు తమకు బదులుగా కొన్ని పశువులను పంపెదమని బేరమాడలేదు. తామే దాటిరి.

ప్రియులారా, ఈ మాట మన ఇండ్లకును తగులుచున్నది. బిడ్డకు మెడికల్ సీటు రావలెనని ఉపవాసముండి ప్రార్థించు తలిదండ్రులు, ఆ సీటు వచ్చిన తరువాత పల్లెకు పోకుండ తప్పించుకొను మార్గము కొరకు ఎవరిని పట్టుకొందుమా యని తిరుగుట తగునా? దేవునియొద్ద అడిగి తెచ్చుకొనిన వరమును ఆయన ప్రేమించు పేదలకు అందకుండ దాచుట ఎట్టి కృతజ్ఞత?

అయితే న్యాయము ఒక ప్రక్కనే యుండదు. నిర్గమకాండము 5వ అధ్యాయములో ఫరో గడ్డి ఇయ్యక ఇటుకల లెక్క తగ్గకూడదని నిర్బంధించెను. మైదాన ప్రాంతములో 30,000 మందికి, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రముండవలెనని మన దేశపు ప్రమాణము. ఉండుటకు ఇల్లులేక, బీరువాలో మందులు లేక, తోడుగా నర్సు లేక, ఇంత జనమునకు ఒక్క యువవైద్యురాలిని కాపుంచి సేవచేయుమనుట గడ్డిలేని ఇటుకలు అడుగుటయే. సేవను కోరు ప్రభుత్వము సేవకు కావలసినవి సమకూర్చుటకు బద్ధురాలైయున్నది.

బలవంతముగా పంపబడినవాడు ప్రేమతో వైద్యము చేయునా యని కొందరందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. జపానులో 1972లో స్థాపింపబడిన జిచి వైద్య విశ్వవిద్యాలయము దీనికి ఒక మార్గము చూపినది. ప్రతి రాష్ట్రమునుండి విద్యార్థులను ఏరి, చదువు ఖర్చు భరించి, సాధారణముగా తొమ్మిదేండ్లు వారి స్వంత రాష్ట్రములోనే సేవ చేయింతురు. అత్యధికులు ఆ గడువును పూర్తిచేయుచున్నారు. పల్లెలో పెరిగినవారిని ఎన్నుకొనుడని, వారికి తగిన వసతులు కల్పించుడని ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2010లో సలహా ఇచ్చినది. తనవారి యొద్దకు పోవువానికి ఒప్పందము సంకెల వలె తోచదు.

మన సంఘములకు ఇది క్రొత్త పాఠము కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సంఘముల సిఫారసుతో పోయిన విద్యార్థులు తరువాత మిషను ఆసుపత్రులలో రెండేండ్లు సేవచేయుదుమని ఒప్పుకొనెడివారు. 1883లో గుంటూరునకు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరుగారిని ఏ బాండును ఆపలేదు. 1930లో ఆమె ఆ ఊరనే కన్నుమూసిరి.

యెహోషువ 22వ అధ్యాయములో ఆ ఒప్పందపు ముగింపు గలదు. మాట నిలువబెట్టుకొనిన ఆ గోత్రములను యెహోషువ దీవించి, విస్తారమైన సొమ్ముతో ఇండ్లకు సాగనంపెను. సేవకు ఒక గడువుండవలెను, గడువు తీరినవానికి ఘనతయు ఉండవలెను. కావున పట్టణ సంఘములారా, పల్లెకు పోవు మీ బిడ్డను కన్నీళ్లతో గాక ప్రార్థనతో పంపుడి. పల్లె సంఘములారా, వచ్చిన డాక్టరుకు ఒక ఇల్లు చూపుడి, ఒక పూట అన్నము పెట్టుడి, ఒంటరిగా విడువకుడి. ముందుగా పొందిన మనకు, ఇంకను పొందని సహోదరుల కొరకు నదిని దాటు మనస్సును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.