ఆట నియమమూ, లోక తర్కమూ

ఆటలోని నియమానికీ, ఆ ఆట కల్పించే లోకపు తర్కానికీ విరోధం వచ్చినప్పుడు మనం దేనికి కట్టుబడాలి? ప్రశ్న చూడటానికి చిన్నది. కాని నియమం యెవరిది, యెవరి కోసం అన్న పెద్ద ప్రశ్న దాని వెనుక వున్నది. అందుచేత దానిని యీ పుటలలో చర్చించటం అనవసరం కాదనుకుంటాను.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే యిద్దరి కల్పనగా 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వెలువడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చొని తలా వొక పాత్ర ధరిస్తారు. ఒకరు నిర్వాహకుడుగా వుండి లోకాన్ని వర్ణిస్తాడు. కత్తి తగిలిందా, తలుపు విరిగిందా అన్నది పాచికలు తేలుస్తాయి. కథా, లెక్కా కలిసి నడిచే ఆట గనుక రెండూ అప్పుడప్పుడు ఢీకొంటాయి.

ఈ ఆటగాళ్ళలో ప్రసిద్ధమైన వాదం వొకటి వున్నది. పోరులో వొక్కొక్క విడత ఆరు సెకండ్లు. ఆ ఆరు సెకండ్లలోనే ప్రతివాడూ తన వంతు పని చేయవచ్చు. ముందే సిద్ధపడి వుంటే, పక్కవాడు అందించిన వస్తువును అందుకొని మరొకడికి అందించవచ్చు. మనిషికి అయిదడుగుల చోటు చొప్పున 2,112 మంది రైతులను రెండు మైళ్ళ పొడవున నిలబెడితే, ఈటె యీ కొస నుంచి ఆ కొసకు ఆరు సెకండ్లలో చేరుతుంది. అంటే సెకండుకు 536 మీటర్లు; ధ్వని వేగం కంటే యెక్కువ. ఇక చివరివాడు దానిని వదిలితే ఫిరంగిగుండులా కోటగోడను కూలుస్తుందని వాదన.

ఇందులోని మోసాన్ని జాగ్రత్తగా గమనించాలి. ఈటె చేతులు మారుతున్నంత సేపూ వాదించేవాడు నియమాన్ని పట్టుకున్నాడు. మనుష్యుల చేతులు అంత వేగంగా కదలవన్న లోక తర్కాన్ని తోసిపుచ్చాడు. తగిలే క్షణంలో నియమాన్ని వదిలి భౌతికశాస్త్రాన్ని పిలిచాడు. నియమమే నిలవాలంటే, విసిరిన ఈటె ఆరు ముఖాల పాచిక చూపినంత గాయమే చేస్తుంది. లోక తర్కమే నిలవాలంటే, ఈటెకు ఆ వేగమే రాదు. కరువునాడు కౌలుపత్రం చూపి, పంట పండిననాడు భూసారం మాట యెత్తి, రెండు విధాలా తన వాటా పెంచుకొనే భూస్వామి వాదం దీనికి దగ్గర చుట్టమే. పైగా ఆ రెండువేల మందికి ఆకలి లేదు, అలసట లేదు, మేమెందుకు నిలబడాలని అడిగే నోరు లేదు. వారు వట్టి ఫిరంగి గొట్టం.

నియమాలు భౌతికశాస్త్రం కావని 2024 నాటి నిర్వాహక గ్రంథం స్పష్టంగానే చెప్పింది. మంచిదే. అయితే లోక తర్కాన్నే ప్రమాణంగా తీసుకుంటే సమస్య తీరుతుందా? తీరదని నా అభిప్రాయం. 1978లో వచ్చిన యీ ఆట పుస్తకంలో స్త్రీ పాత్ర బలానికి పురుష పాత్ర కంటే తక్కువ హద్దు విధించారు. నిప్పులు కక్కే డ్రాగన్‌ను వొప్పుకున్న పుస్తకం, పురుషునితో సమానమైన బలంగల స్త్రీని మాత్రం వొప్పుకోలేకపోయింది! 1989 నాటి రెండవ కూర్పులో ఆ హద్దు తీసివేశారు. ఆ లోకమేమీ కూలిపోలేదు. కల్పిత లోకపు సహజ తర్కంగా చెలామణి అయ్యేది చాలాసార్లు రచయిత పెరిగిన సంఘపు తర్కమే.

అలాగే ప్రష్యా సైన్యపు యుద్ధక్రీడ చరిత్రను చూడండి. 1824లో రైస్‌విట్జ్ దానిని పాచికలతో, పట్టికలతో కట్టుదిట్టం చేశాడు. 1876లో వెర్డీ దు వెర్న్వా పట్టికలు వదిలి, ఫలితాన్ని మధ్యవర్తి అనుభవానికి అప్పగించాడు. ఆట తేలికైంది. కాని పట్టికను చూపి మధ్యవర్తిని నిలదీసే అవకాశం కూడ దానితో పోయింది. వ్రాసిన నియమం బలహీనుడి చేతికి ఆధారం; పెద్దల అనుభవం పెద్దల చేతిలోనే వుంటుంది.

జూదసభలో ద్రౌపది యీ ఆధారాన్నే పట్టుకున్నది. తన్ను తాను ముందే వోడిపోయినవాడికి తనను వొడ్డే హక్కు యెక్కడిదని అడిగింది. అది ఆట నియమాన్ని బట్టి వేసిన ప్రశ్న. సభ తల వంచుకున్నది. కాని మనిషిని పణంగా పెట్టవచ్చునా అన్న ప్రశ్న ఆట లోపల పుట్టదు. దానిని బయటి లోకం నుంచే తేవాలి.

కనుక రెండూ అవసరమే. నియమం లేకపోతే నిర్వాహకుని యిష్టమే చట్టమవుతుంది. లోక తర్కం లేకపోతే దుర్మార్గపు నియమాన్ని విమర్శించే చోటే మిగలదు. నియమం మనుష్యులు చేసుకున్న వొడంబడిక. దానిని మార్చవలసివస్తే పాచిక వేయకముందే, బల్ల చుట్టూ వున్నవారందరి యెదుట, కారణం చెప్పి మార్చాలి. పాచిక పడిన తరువాత తన లాభం కోసం నియమానికీ ప్రకృతికీ మధ్య గోడ దూకేవాడిని అక్కడే పట్టుకోవాలి. విద్యార్థులు యీ అలవాటును ఆటబల్ల దగ్గరే నేర్చుకుంటే, రేపు కౌలుపత్రాలనూ కర్మాగారపు నిబంధనలనూ చదివేటప్పుడు అది పనికివస్తుంది.