సీటు చూస్తే గుక్కపట్టే చంటిది

రాజమండ్రిలో కారెక్కి, కొవ్వూరు వైపు రోడ్డు కం రైలు వంతెన మీదికి రాగానే వెనక పిల్లల సీట్లో చంటిది గుక్కపట్టేస్తుంది. అమ్మమ్మ మనసు ఆగదు: "ఆ బెల్టులు తీసి ఒళ్లో వేసుకోవే, పిల్ల కందిపోయింది!"

పిల్ల పేచీకి కారణం లేకపోలేదు. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2013లో ఆరునెలల లోపు పసివాళ్లను గమనించారు. తల్లి ఎత్తుకుని నడుస్తుంటే ఏడుపు తగ్గింది, గుండె వేగమూ నెమ్మదించింది. ఎత్తుకుని ఊరికే కూర్చుంటే అంత ఫలితం లేదు. మన ఇళ్లలో బిడ్డను భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరిగే పెద్దలు చేసేదీ అదే.

బిడ్డ స్ట్రోలర్ వద్దంటే చంకనేసుకోవచ్చు. కారులో మాత్రం కుదరదు. సడన్ బ్రేకు పడితే ఎంత బలమైన చేతులైనా బిడ్డను ఆపలేవు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో తప్పనిసరి చేసింది. లేకుంటే జరిమానా 1,000 రూపాయలు.

బిడ్డను సీట్లో కూర్చోబెట్టే ముందు బకిల్ తాకి చూడాలి. మే నెల ఎండలో నిలిపిన కారులో అది చురుక్కుమంటుంది. అమ్మ పక్కనే కూర్చోవాలి. ఏడుపు ఆగకపోతే వంతెన దాటాక నీడపట్టున కారు ఆపి, బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు నడిచి, పాలిచ్చి, మళ్లీ పట్టీలు బిగించి బయల్దేరాలి.