పితామహ స్మరణము

పూర్వులను స్మరించుట ధర్మమని సర్వదేశములవారును ఒప్పుకొందురు. కాని స్మరణమనగా నేమి? వారి గుణములను మాత్రము కొనియాడుటయా, లేక వారి జీవితమును ఉన్నదున్నట్లు ఎరుగుటయా? సత్యము తెలిసిన పిమ్మట భక్తి నిలుచునా? ఈ ప్రశ్నను స్వగృహమును గూర్చి వేసికొన్నచో అభిమానము నోరు మూయించును. కావున మేము మిక్కిలి దూరపు తాత నొకనిని, అమెరికాలో సేద్యము చేసిన స్వీడను దేశీయుని, నిదర్శనముగా గైకొనుచున్నాము. ఇతడు ఒక్క వ్యక్తి కాడు. వేలకొలది కుటుంబములలో మనుమలు తలచుకొను తాత.

19వ శతాబ్దమునందును 20వ శతాబ్దారంభమునందును స్వీడను నుండి పది లక్షలకు మించిన జనులు అమెరికాకు వలసపోయిరి. స్మాలండు మున్నగు మండలములలో నేల రాళ్లమయము. కుటుంబములు పెరిగినకొలది కమతములు చీలికలైనవి. 1867లో చలి విడువక పైరు చెడెను. 1868లో అనావృష్టి కలిగెను. పేదలు చెట్టు బెరడును, రాతినాచును పిండిలో కలుపుకొని తిని బ్రదికిరి. అదే కాలమున అమెరికా ప్రభుత్వపు 1862 నాటి చట్టము, అయిదేండ్లు కాపురముండి దున్నినవానికి 160 ఎకరముల భూమిని స్వల్పరుసుముతో ఇచ్చుచుండెను. అన్నములేనివానికి ఈ మాట ఎంత తీయగా వినబడెనో చెప్పనక్కరలేదు.

ఆ తాత మినెసోటాకు వచ్చి, చెట్లులేని మైదానమైనచో గడ్డివేళ్లతో గూడిన మట్టిపెళ్లలు పేర్చి ఇల్లు కట్టుకొనెను. నెలలతరబడి మంచు. 1873 మొదలు 1877 వరకు మిడుతలదండు పడి పంటలను తినివేసెను. అయినను విత్తనము దాచి మరల చల్లెను. నూర్పిళ్లనాడు ఇరుగుపొరుగువారందరు ఒకరి కళ్లమునుండి మరియొకరి కళ్లమునకు పోయి పనిచేసిరి. తరువాత సహకారపద్ధతిని వెన్న తీయు శాలలు పెట్టుకొనిరి. అతడు చదువురానివాడు కాడు. ప్రతివాడును చదువ నేర్వవలెనని స్వీడను మతశాసనము 1686లోనే విధించెను. గురువులు ఇంటింట పరీక్షించెడివారు. అందుచేత దున్నువాని యింటను గ్రంథముండెను. ఊరివారికి ఉత్తరములు వ్రాయు అలవాటుండెను. అతని పక్కనే పాలు పిదికి, బిడ్డలను కని, కొందరిని పోగొట్టుకొని, పొలమునందును సమముగా కష్టించిన అవ్వను గూర్చి మనుమలు చెప్పునది తక్కువ. ఇది స్మరణమునందలి మొదటి లోపము.

రెండవ లోపము ఇంకను పెద్దది. ఆ 160 ఎకరములు ఎక్కడివి? 1851 నాటి సంధులవలన దకోటా జాతివారు రెండుకోట్ల ఎకరములకు మించిన నేలను విడిచి, నదీతీరపు సన్నని పట్టీలో ఇరుకుకొనవలసివచ్చెను. 1862లో వారికి రావలసిన పైకము ఆలస్యమయ్యెను. గిడ్డంగులలో ధాన్యముండియు అప్పు పుట్టలేదు. ఆకలి యుద్ధమైనది, వలసకాపురములవారు వందలకొలది హతులైరి, వారిలో స్త్రీలును పసివారును ఉండిరి. ఆ సంవత్సరము డిసెంబరు 26న మంకేటో పట్టణమున 38 మంది దకోటాలను ఒక్కసారిగా ఉరితీసిరి. మరుసటియేట ఆ జాతిలో మిగిలినవారిని చాలవరకు రాష్ట్రమునుండి వెడలగొట్టిరి. భూమినిచ్చు చట్టమును, ఈ ఉరియును ఒక్క సంవత్సరపువే. ఆకలి ఒకరిని దేశము విడిపించెను. ఆకలి మరియొకరిచేత ఆయుధము పట్టించెను. మొదటి ఆకలిగొన్నవాడు రెండవ ఆకలిగొన్నవాని నేలపై అన్నము తినెను.

ఇది తెలిసిన మనుమడు ఏమనవలెను? కొందరు, "మా తాత ఎవ్వరిని తరుమలేదు, ప్రభుత్వమిచ్చిన భూమిని చెమటోడ్చి దున్నెను," అందురు. ఇది అబద్ధము కాదు, కాని సగము మాట. తాత ఓర్పును తన వంశగుణముగా చెప్పుకొనువాడు, తాత పొందిన లాభపు మూలమును మాత్రము తనకు సంబంధింపదనుట న్యాయమా? మరికొందరు తాతను దొంగ యని యొక్కమాటతో తీసివేయుదురు. వీరికి ఆ బెరడురొట్టెయు, మిడుతలును కనబడవు. ఇదియు సగము మాటయే.

స్వీడను పల్లెలలో పూర్వము స్థిరమైన ఇంటిపేరు వాడుక తక్కువ. ఆండర్సు కుమారుడు యోహాను ఆండర్సన్. అతని కుమారుడు యోహాన్సన్. అమెరికాలో ఇట్టి పేరే ఇంటిపేరై నిలిచిపోయెను. కావున నేటి మనుమడు తానెరుగని ఏ ముత్తాత పేరునో నిత్యము మోయుచున్నాడు. పేరుతో వచ్చిన తక్కినదానిని మాత్రము ఎట్లు దింపుకొనును?

ఈ సంకటమున మాకు స్మృతులలోని ఋణప్రకరణము తోచుచున్నది. తాత యప్పును మనుమడును తీర్పవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. బృహస్పతి యందొక సూక్ష్మము చూపెను: తండ్రి యప్పును కుమారుడు వడ్డితో తీర్పవలెను, తాత యప్పునకు మనుమడు అసలు మాత్రము ఇచ్చిన చాలును. 2005 నాటి చట్టసవరణమునకు పిమ్మట చేసిన యప్పులకు మన న్యాయస్థానములు ఇట్టి నియమమును వర్తింపజేయవు. ధనవిషయమున అదియే మేలు. నీతివిషయమున మాత్రము ఈ విభాగము ఎంతయు ఉపకరించును. అసలనగా సత్యమును ఒప్పుకొనుట, చేతనైనది చేయుట. వడ్డి యనగా తాను చేయని పనికి రేయింబవళ్లు కుములుట. మనుమడు వడ్డికి బాధ్యుడు కాడు. అసలును ఎగవేయుటకు అర్హుడును కాడు. మినెసోటాలో 2021లో దిగువ సూ అను దకోటా సమాజమునకు నూరెకరములకు పైగా భూమి తిరిగి అప్పగింపబడెను. రెండుకోట్ల ఎదుట అది అత్యల్పము. అయినను అసలులో జమ కట్టదగినదే.

సత్యముచేత భక్తి నశించునని భయపడువారికి మేము మనవి చేయునది యిది. దోషమెరుగనంతవరకే నిలుచు గౌరవము తాతకు చెందినది కాదు, మన ఊహకు చెందినది. పిల్లలకు తాత కథ చెప్పునప్పుడు, అతడు మిడుతలను ఎట్లు ఓర్చెనో చెప్పుడు. అవ్వ పేరు చెప్పుడు. ఆ నేల అంతకుముందు ఎవరిదో అదియు చెప్పుడు. వినిన పిల్లవాడు తాతను ప్రేమింపక మానడు. పొరుగువానిని సైతము చూడ నేర్చుకొనును.