పరుల మాదిరి, మన కుట్టు



వేరొకతె గీచిన మాదిరిని చూచి ఒక స్త్రీ పసిబిడ్డకొరకు రెండు రంగుల బొంతను కుట్టినయెడల, ఆ బొంత ఎవరి పని యని చెప్పవలెను? మాదిరి గీచినదానిదా, సూది పట్టినదానిదా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. అయినను ఇట్టి చిన్న సంగతులనుబట్టియే ఒకే సంఘములోని ఇద్దరు సహోదరీలు ఏండ్ల తరబడి ఎడమొగము పెడమొగముగా నుండుట కలదు. “అది నా మాదిరి; చూచి కుట్టి పేరు తెచ్చుకొన్నది” అని ఒకతె అనును. “కన్నులు నొచ్చునట్లు కుట్టినది నేను, ఆమెకేమి పోయినది?” అని మరియొకతె అనును. ఇద్దరి మాటలోను కొంత న్యాయమున్నది. కాబట్టి ఈ ప్రశ్నను దేవుని సన్నిధిని నిదానించి చూతము.

అనంతపురము సీమలో బొంత ఎరుగనివారు లేరు. రెండు ఋతుపవనముల వానయు సరిగా అందని మెట్టభూమి మనది; ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే. వేరుసెనగ పండిన యేట క్రొత్త చీర, ఎండిన యేట పాత చీరయే. ఆ పాత చీరలను పంచెలను పొరలుగా పరచి, సన్నని వరుసకుట్లు వేసి, మన తల్లులు బొంతలు కుట్టిరి. సరిహద్దు దాటి కన్నడ సీమకు పోయినయెడల దానినే కౌది యందురు. అతుకుల వస్త్రమునకు సంస్కృతములో కంథ యని పేరు. బెంగాలువారి కాంథా ఆ మాటయే. బీహారులో పుట్టిన బిడ్డకొరకు పాత చీరలతో కుట్టుదానిని సుజని యందురు. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ లేత చర్మమునకు హితమైనది గనుక ప్రతి దేశపు తల్లియు దానినే కోరుకొన్నది. ఈ పనిని మొదట ఎవరు కనిపెట్టిరో ఎవరును చెప్పలేరు. అవ్వ అమ్మకు నేర్పెను, అమ్మ కూతురికి నేర్పెను. మనము “నాది” అనుకొను బొంత సహితము మొదటనుండి చేతినుండి చేతికి వచ్చినదే గదా!

ఇప్పుడు రెండు రంగుల బొంత సంగతి ఆలోచించుడి. మన అతుకుల బొంతలో దొరికిన ముక్కయెల్ల చేరును. ఒక ముక్క వంకరయైనను పది రంగుల నడుమ అది కనబడదు. రెండు రంగుల పని అట్టిది కాదు. ఎరుపు తెలుపు గళ్లతో 36 అంగుళముల చదరపు బొంతను కుట్టవలెననుకొనుడి. మూడేసి అంగుళముల గళ్లు అడ్డముగా 12, నిలువుగా 12; మొత్తము 144. అందులో ఎర్రవి 72, తెల్లవి 72. కుట్టులోనికి పోవుటకై ప్రతి ప్రక్కను పావు అంగుళము విడువవలెను గనుక ముక్కను మూడున్నర అంగుళములకు కత్తిరింతురు. ఒక్కొక్క కుట్టులో ఇరుప్రక్కల వీసము అంగుళము, అనగా పదునారవ వంతు, ఎక్కువ పోయినదనుకొనుడి. పండ్రెండు గళ్ల వరుసలో పదునొకండు కుట్లున్నవి. వరుస చివరకు వచ్చువేళకు ఒక అంగుళమునకు పైగా తరిగిపోవును. ఎరుపు మూల తెలుపు మూలను కలియదు. ఆ తప్పును కప్పుటకు మూడవ రంగు లేదు. ఎర్రగుడ్డను ముందుగా వేరుగా ఉతికి, నీరు తేటపడువరకు జాడించనియెడల దాని రంగు తెలుపునకు అంటును. ఆ మచ్చయు దాగదు.

చూచితిరా? మాదిరి కాగితము ఎంత చక్కగా గీయబడినను, ఈ నమ్మకత్వమును మనకు బదులుగా అది చేయజాలదు. ఆ పావు అంగుళము కుట్టుదానిదే. ప్రత్యక్షగుడారపు మాదిరిని దేవుడు కొండమీద మోషేకు చూపెను. దానిని చేసినవాడు బెసలేలు. అతడు తన ఊహచొప్పున ఒక గుడారము చేయలేదు. అయినను పరిశుద్ధ గ్రంథము అతని పేరును, అతనికి తోడైన అహోలీయాబు పేరును మరువక వ్రాసినది, మేకవెండ్రుకలు వడికిన స్త్రీలను సహితము విడిచిపెట్టలేదు (నిర్గమ. 31, 35 అధ్యాయములు). పరుల మాదిరిచొప్పున పనిచేయుట తక్కువ పని యని యెంచువారు ఈ అధ్యాయములను చదువవలెను. “చూచి కుట్టినది” అను మాట నింద కానేరదు.

ఈ రెండు రంగుల పని మనకు క్రొత్తగా తోచినను, అమెరికా పల్లెలలో 19వ శతాబ్దమునందే ప్రబలినది. వారి ఎరుపు తూర్పుదేశములనుండి ఐరోపావారు నేర్చుకొనిన అద్దకము. టర్కీ ఎరుపు అని దానికి పేరు. ఉతికినను సులువుగా వెలియదు గనుక తెలుపుతో కలిపి కుట్టుటకు ఆ స్త్రీలు దానిని కోరిరి. మన కోస్తాలో చిరివేరుతో అద్దిన ఎరుపు కూడ అట్లే పేరుపొందినది. వారు తమ మాదిరులకు యాకోబు నిచ్చెన, బేత్లెహేము నక్షత్రము, ముళ్ల కిరీటము అని పేర్లు పెట్టుకొనిరి. కాన్సాస్ సిటీ స్టార్ అను వార్తాపత్రిక 1928 మొదలు 1961 వరకు ఇట్టి మాదిరులను అచ్చువేసినది. చదువరులైన స్త్రీలు తమ మాదిరులను పంపిరి, ఇతర స్త్రీలు కత్తిరించి దాచుకొనిరి. 2011లో న్యూయార్కు నగరమునందు ఎరుపు తెలుపు బొంతలు 651 ఒక్కచోట వ్రేలాడదీసి చూపిరి. రంగులు రెండే, అయినను ఏ రెండును ఒకటి కావు. పరులయొద్దనుండి పుచ్చుకొనినంతమాత్రమున మన చేయి గొడ్డుపోదని ఇందువలన తెలియుచున్నది.

అయితే పుచ్చుకొనుట వేరు, లాగుకొనుట వేరు. ఇందుకు మనకు దూరదేశపు దృష్టాంతము అక్కరలేదు. ధర్మవరము పట్టుచీరను చూడుడి. ఆ ఊరు 2022 వరకు మన జిల్లాలోనిదే. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. అక్కడ ఒకడు గళ్ల కాగితముమీద పువ్వును గీచి, ఆ లెక్కచొప్పున అట్టలకు రంధ్రములు వేయును. 1804లో ఫ్రాన్సు దేశస్థుడైన జకార్డు చేసిన యంత్రమును మగ్గముపై నిలిపి, ఆ అట్టలచొప్పున వేరొకడు నేయును. ఒకని గీత, మరియొకని నేత. ఇద్దరికిని కూలి దక్కును. ఇందులో దోషమేమియు లేదు. అదే పువ్వును మరమగ్గముమీద నేసి, చేనేతయని చెప్పి అమ్మినయెడల, గీచినవాని కూడును నేసినవాని కూడును ఒక్కమారే పోవును. చేనేతకు ప్రత్యేకించిన రకములను మరమగ్గముపై నేయరాదని 1985లో పార్లమెంటు చట్టము చేసినది. పువ్వు ఒక్కటే, దానిని తీసికొనిన విధము వేరు. తోటివానియొద్ద మాటలు దొంగిలించి, వాటిని తమ దర్శనమని చెప్పుకొనిన ప్రవక్తలను యిర్మీయా గద్దించుటయు ఇందుకే (యిర్మీయా 23:30).

కాబట్టి ప్రియ సహోదరీలారా, పరుల మాదిరిని చేతబట్టునప్పుడు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. ఆ మాదిరి అమ్ముకొని బ్రదుకుదానిదైనయెడల వెల యిచ్చి కొనుడి. ఒకతె కొని పదిమందికి ఫోనులో పంపుట దయగా కనబడును గాని అది వేరొకతె సొమ్ముతో చేసిన ధర్మము. ఊరక యిచ్చినదైనయెడల, మిమ్మును పొగడువారియెదుట ఆమె పేరు ముందుగా చెప్పుడి. పేరు చెప్పుటకు పైసా ఖర్చు లేదు, అయినను అదియే మనకు మిక్కిలి కష్టముగా నుండును. తరువాత మీ కుట్టును, మీరు కనిపెట్టిన ఉపాయమును, అడిగినవారికి దాచక నేర్పుడి. మాదిరి యిచ్చిన సహోదరీ, నీకును ఒక మాట: ఇచ్చితివి గదా, ఇక ఇంటింట వెదకుచు తిరుగవద్దు. నీవు గీచిన గీతను నీకును ఒకరు నేర్పిరి. మనము పొందనిది మనయొద్ద ఏదియు లేదని పౌలు కొరింథీయులకు వ్రాసినది (1 కొరింథీ. 4:7) కుట్టినదానికెంతయో గీచినదానికిని అంతే.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు ఉత్తరము చెప్పవచ్చును. ఆ బొంత ఏ బిడ్డకొరకో ఆ బిడ్డనే చూడుడి. ఆ ముక్కును ఆ వ్రేళ్లను తల్లి గీయలేదు. గర్భమందు బిడ్డను రూపించువాడు దేవుడని 139వ కీర్తన చెప్పుచున్నది. అయినను మోసి, కని, పాలిచ్చిన తల్లితో “ఈ బిడ్డ నీది కాదు” అని ఎవరందురు? ఆ తల్లియు “నా యంతట నేనే చేసితిని” అని చెప్పదు. బిడ్డ ఆమెకు ఇయ్యబడినది. ఆమె కష్టము ఆమెదే. పరుల మాదిరిచొప్పున కుట్టిన బొంతయు అట్టిదే. కుట్టినదానికి సంతోషించుటకు హక్కు కలదు, మాదిరి యిచ్చినదానికి కృతజ్ఞత పొందుటకు హక్కు కలదు. ఒకరి హక్కు మరియొకరి హక్కును కొట్టివేయదు.

బొంత ముగిసినప్పుడు దానికి గుండీలు, పూసలు కుట్టకుడి. బిడ్డ నోట పెట్టుకొనును. ఏడాది నిండని బిడ్డ నిద్రించునప్పుడు దానిపై వదులుగా కప్పకుడి, ఊపిరికి అడ్డమగును. మెలకువగా నున్నప్పుడు మీ కన్నులయెదుట పరచి ఆడుకొననియ్యుడి. వెనుకప్రక్క మూలను ఎర్రదారముతో రెండు పేర్లు కుట్టుడి: మాదిరి యిచ్చినదాని పేరు, దాని క్రింద మీ పేరు. ఆ బిడ్డ పెరిగి చదువు నేర్చిన దినమున ఆ రెండు పేర్లను చదివి, తనకొరకు ఇద్దరు ప్రయాసపడిరని తెలిసికొనును. మన చేతులను నమ్మకమైనవిగాను, మన నాలుకలను కృతజ్ఞతగలవిగాను ప్రభువు చేయును గాక. ఆమేన్.